మామ పేరుతో లోపల ఉన్నదెవరు

లాక్‌డౌన్ పెట్టిన కొత్తలో పోచంపల్లిలో మగ్గాలు ఆగిపోయాయి. నేసిన చీరలు ఇళ్లలోనే ఉండిపోయాయి, కొత్తగా నూలు ఇచ్చేవాళ్లు లేరు. మా మేనమామకు ఊహ తెలిసినప్పటి నుంచీ మగ్గమే లోకం. ఖాళీగా ఉండటం ఆయనకు చేతకాదు. పొద్దున్నే లేచి స్నానం చేసి, అలవాటు కొద్దీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాడట. ఎదురుగా పడుగు నూలు లేదు, చేతిలో అడ్డపోగు నడిపే నాడె లేదు. ఊరికే అట్లా కూర్చుని వీధిలోకి చూసేవాడట.

ఈ సంగతి నాకు ఫోన్‌లో చెప్పింది మామ కూతురు. నాకంటే చిన్నది. పెళ్లయి మహబూబ్‌నగర్‌లో ఉంటుంది.

"వదినా, నాయిన ఉత్త మగ్గం మీద కూసోని గోడతోని మాట్లాడుతున్నడంట. అమ్మకు బుగులైతాంది. జర ఏమన్న చెయ్యరాదు?"

నాకు చేతనైన పని ఒకటే. నల్లగొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మా మరదలూ నేనూ అప్పటికే తీరిక దొరికితే ఫోన్‌లో ఒక ఆట ఆడుతుండేవాళ్లం. అందులో నేల, కొండ, చెట్టు అన్నీ ఇటుకల్లాంటి దిమ్మెలతో ఉంటాయి. తవ్వుకోవచ్చు, కట్టుకోవచ్చు. గెలిచేదీ లేదు, ఓడేదీ లేదు. చేతులు ఊరుకోని మనిషికి ఇదైతే బాగుంటుందని ఇద్దరం అనుకున్నాం.

మొదట ఎవరో నడుపుతున్న సర్వర్‌లోకి మామను తీసుకుపోయాం. అక్కడ ఎవరు వచ్చినా రానిస్తారు. మామ ఓపికగా నాలుగు గోడలు లేపాడు. మరునాడు వెళ్లి చూస్తే ఎవరో వాటికి నిప్పు పెట్టి, దాని పక్కనే నిలబడి గెంతుతున్నారు.

"ఎవడు వీడు? ఏ ఊరోడు?" అన్నాడు మామ ఫోన్‌లో.

"తెల్వదు మామా. ఎక్కడోడైనా కావచ్చు."

"తెల్వనోని జాగల మనమెందుకు కడుతున్నం బిడ్డా?"

న్యాయమైన ప్రశ్న. సొంత జాగా చూసుకోవాల్సిందేనని నిర్ణయించుకున్నాను. మా ఆయన చదువుకునే రోజుల్లో కొనుక్కున్న కంప్యూటర్ ఒకటి సజ్జ మీద గోనెసంచిలో ఉంది. దాన్ని దింపి, దుమ్ము దులిపి, బియ్యం డబ్బా పక్కన స్టూలు మీద పెట్టి, ఆ ఆటకు సర్వర్‌గా మార్చాను. అంటే ఆటలోని భూమీ ఆకాశమూ అన్నీ మా వంటగదిలో ఉంటాయి, మావాళ్లు ఎక్కడి నుంచైనా ఫోన్లలో అక్కడికి వస్తారు. తెలియనివాళ్లు రాకుండా తలుపు దగ్గర పేరూ పాస్‌వర్డూ అడిగేటట్టు పెట్టాను. మా ఆయనకు ఈ ఏర్పాటు నచ్చలేదు. "ఇది సర్వరా, పిండి గిర్నీనా? గింత సప్పుడైతె వార్తలెట్ల వినాలె?" అని టీవీ గొంతు పెంచాడు.

మామ మొదటిరోజే తలుపు దగ్గర ఆగిపోయాడు.

"బిడ్డా, నన్ను రానిస్తలేదు. పేరు మంచిగ లేదంటాంది."

"ఏం పేరు కొట్టినవ్ మామా?"

"నా పేరే. ఎనక గారు పెట్టిన."

"గారు ఎందుకే మామా?"

"ఆటల అల్లుడుంటడు, బిడ్డ ఉంటది, రేపు ఇంకెవలన్న వస్తరు. నెత్తి మీద పేరు కనవడ్తది గద. ఉత్త పేరుంటే ఏం మర్యాద?"

పేరు మధ్యలో ఖాళీ ఉంటే ఆట ఒప్పుకోదని చెప్పాను. గారు ఉండాల్సిందేనని ఆయన పట్టుబట్టాడు. చివరికి పేరుకూ గారుకూ మధ్య ఖాళీ లేకుండా కలిపేసి, ఆ పేరును సర్వర్‌లో ఎక్కించాను. అయినా రానివ్వలేదు.

"ఇంగ్లీషుల అన్నీ చిన్న అక్షరాలే కొట్టినవా?"

"పెద్దయి కొట్టిన. పెద్దోన్ని గద."

చిన్న అక్షరాలకు ఆయనను ఒప్పించేసరికి నా టీ చల్లారింది. ఆ తర్వాత పాస్‌వర్డ్ గొడవ మొదలైంది. తప్పు పాస్‌వర్డ్ అని వస్తోంది. ఒక్కో అక్షరం చదవమన్నాను. చదివాడు. నేను ఇచ్చినదే. మళ్లీ కొట్టమన్నాను, మళ్లీ తప్పే అంది. నా వైపు తీసేసి కొత్తది పెట్టాను. అదీ తప్పే. సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టాను. మా మరదలు మహబూబ్‌నగర్ నుంచి దర్జాగా లోపలికి వచ్చి చెట్లు నరుక్కుంటోంది, మా ఆయన కూడా ఒకసారి తొంగిచూసి పోయాడు. మామకు మాత్రమే తలుపు తెరుచుకోవడం లేదు.

"పగవట్టిందా ఏందే నీ కంప్యూటరు?" అన్నాడు.

తప్పు ఎక్కడుందో తేల్చాలంటే ఒకదాన్ని మార్చి చూడాలి. అదే నేను పిల్లలకు చెప్పే పాఠం. "మామా, అత్త ఫోన్ల కొట్టి చూడు" అన్నాను.

అత్త వెనక నుంచి అరిచింది. "నాకెందుకు గవన్ని? నా పోను ఖరాబు చెయ్యకుండ్రి!"

ఎట్లాగో ఆ ఫోన్ తీసుకుని, ఆట ఎక్కించి, మామ తన పేరూ పాస్‌వర్డూ కొట్టాడు. ఒక్కసారికే లోపలికి వెళ్లిపోయాడు. అప్పుడు అర్థమైంది. మామ ఫోన్‌లో రెండు అక్షరాలు కొట్టగానే కీబోర్డే మిగతా పేరు చూపిస్తుంది. మామ దాన్ని వత్తుతాడు. అది మర్యాదగా పేరు చివర ఒక ఖాళీ చేర్చి పెడుతుంది. కంటికి కనిపించని ఆ ఖాళీ వల్ల మామ వేరే మనిషి అయిపోతున్నాడు. పాస్‌వర్డ్‌కూ అదే జరుగుతోంది. చివర ఒకసారి వెనక్కి కొట్టి ఆ ఖాళీ తీసేయమని చెప్పాను. మామ అత్త ఫోన్‌లో ఆట మూసేసి, తన ఫోన్‌లోంచి లోపలికి వచ్చి, పొలం మధ్యలో నిలబడి, గుండ్రంగా తిరిగి అంతా చూశాడు.

"మంచిగుంది జాగా" అన్నాడు. ఆ మాటకే నాకు నెల జీతం వచ్చినంత సంబరమైంది. ఆ నెల జీతం రాలేదు కూడా.

కరెంటు పోయినప్పుడల్లా ఇంకో తిప్పలు. కరెంటు వచ్చాక మా ఇంటి ఇంటర్నెట్ అడ్రస్ మారిపోతుంది. పాత అడ్రస్‌తో వచ్చేవాళ్లకు ఏమీ కనిపించదు. కొత్తది నేను ఫోన్ చేసి చెప్పాలి. "కిరాయి ఇల్లు మారినట్టు అనుకో మామా" అని నచ్చజెప్పాను. "గిట్ల కిరాయి ఇండ్లు మారేటోళ్లతోని సంసారం కష్టం" అంటూనే రాసుకునేవాడు.

మామ ఇల్లు కట్టాడు. ముందు గది, వెనక వంటిల్లు, పక్కన అరుగు. అచ్చంగా పోచంపల్లిలో ఉన్న ఇల్లే. ముందు గదిలో గుంట తవ్వి, కర్ర దిమ్మెలతో మగ్గం నిలబెట్టాడు. మమ్మల్నందరినీ పిలిచి చూపించాడు. గుంటలోకి దిగి మగ్గం ముందు నిలబడి కాసేపు కదలలేదు. ఆ ఆటలో కూర్చోవడం కుదరదు. కుదిరి ఉంటే కూర్చునేవాడే. ఆ వారం ఆయన ఉత్త మగ్గం మీద కూర్చోవడం మానేశాడని మా మరదలు సంతోషంగా చెప్పింది.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. ఒకరోజు పొద్దున్నే మామ ఫోన్.

"బిడ్డా, నా మగ్గం లేదు."

"లేకపోవుడేంది?"

"పీకిండ్రు. గుంట గూడ పూడ్సిండ్రు. పైన మంచమేసిండ్రు!"

వెళ్లి చూశాను. నిజమే. మగ్గం ఉన్న చోట నేల చదునుగా ఉంది. దాని మీద ఎర్ర దుప్పటి పరిచిన మంచం. మగ్గం కర్రలు మాత్రం వృథా కాలేదు, బయట ఒక పెట్టెలో జాగ్రత్తగా సర్ది ఉన్నాయి. ఇంత శుభ్రమైన దొంగను నేను ఎక్కడా వినలేదు.

మామ మళ్లీ గుంట తవ్వి మగ్గం పెట్టుకున్నాడు. మరునాటికి మళ్లీ మంచం వచ్చింది. ఆయన మళ్లీ మగ్గం పెట్టాడు, మళ్లీ మంచం వచ్చింది. ఎవరు ఏ దిమ్మె తీశారో సర్వర్ రాసుకుంటూ ఉంటుంది కదా అని తెరిచి చూశాను. చూసి మామకు ఫోన్ చేశాను.

"మామా, ఏమనుకోకు. మగ్గం పీకింది నువ్వే."



"నా మగ్గం నేనెందుకు పీక్కుంట? నాకు పిచ్చా?"

"నీ పేరు మీదనే ఉంది. మీ ఇంటి ఇంటర్నెట్ నుంచే వచ్చినట్టుంది. చెయ్యి తగిలి పీకినవేమో."

"చెయ్యి తగిలితె మంచం గూడ పడ్తదా? దుప్పటి గూడ పరుసుకుంటదా?"

 అయినా కంప్యూటర్ అబద్ధం చెప్పదనే నమ్మకంతో, మామే ఏదో చేసి మరిచిపోతున్నాడని అనుకున్నాను. ఆ మాట మా మరదలితో అన్నాను. ఆమె వెంటనే తల్లికి ఫోన్ చేసిందట.

"అమ్మా, నాయిన ఈ నడుమ ఏమన్న మర్సిపోతున్నడా?"

"ఆ, జర మర్సిపోతున్నడు బిడ్డా" అన్నదట అత్త.

దాంతో మరదలు నాకు మళ్లీ ఫోన్ చేసి ఏడ్చింది. బస్సులు నడవగానే హైదరాబాద్‌లో మంచి దవాఖానకు తీసుకుపోవాలని, అప్పటిదాకా ఆయనను ఒంటరిగా బయటికి పంపొద్దని అన్నది. మామకు ఈ మాట ఎట్లా తెలిసిందో తెలిసింది. నాతో మాట్లాడటం తగ్గించాడు. మాట్లాడినప్పుడు మాత్రం, నేను అడక్కుండానే, పొద్దున ఏం తిన్నాడో, నిన్న ఏ వారమో వరసగా చెప్పేవాడు. మరిచిపోలేదని రుజువు చేయడానికి.

నాకు మనసు ఒప్పలేదు. ఎందుకైనా మంచిదని పాస్‌వర్డ్ మార్చాను. "ఇది ఎవలకు చెప్పకు మామా" అని ఒక్కో అక్షరం చెప్పాను. మామ వీధి అరుగు మీద కూర్చుని, ఒక్కో అక్షరం బిగ్గరగా తిరిగి చెబుతూ రాసుకున్నాడు. చివర్లో తప్పు రాలేదు కదా అని మొత్తం ఇంకోసారి, ఇంకా గట్టిగా చదివాడు. ఎదురింటి ఆయన "నడిమిట్ల సున్ననా, ఓ అక్షరమా?" అని అడగడం నాకు వినిపించింది.

పాస్‌వర్డ్ మార్చినా మంచం రావడం ఆగలేదు. పైగా కొత్త తిప్పలు మొదలయ్యాయి. మధ్యాహ్నం భోజనం అయ్యాక మామ ఆటలోకి పోదామంటే తలుపు తెరుచుకోదు. ఈ పేరుతో ఇప్పటికే ఒకరు లోపల ఉన్నారని వస్తుంది.

"నేను లోపట ఉన్ననంట బిడ్డా" అన్నాడు ఒకనాడు మధ్యాహ్నం. గొంతులో కోపం లేదు, దిగులు ఉంది. "నేను ఈడున్న గద. ఉన్ననా?"

 ఫోన్ పెట్టేయొద్దని చెప్పి, ల్యాప్‌టాప్‌లో ఆట తెరిచి, మామ ఇంటి వైపు పరుగెత్తాను. ఆటలో పరుగెత్తాను. మామ ఇంటి ముందు గదిలో ఒక మనిషి బొమ్మ. నెత్తి మీద మామ పేరు, దానికి అతుక్కుని గారు. వంగి వంగి గుంట పూడుస్తున్నాడు.

"మామా, నువ్వు ఇప్పుడు యాడున్నవ్?"

"అరుగు మీద."

"ఆటల?"

"ఆటల లేననే గద నెత్తి కొట్టుకుంటున్న!"

ఎదురుగా ఉన్న బొమ్మ ఇంకో మట్టి దిమ్మె వేసింది. మాటలు రాసుకోవడానికి ఆటలోనే ఒక జాగా ఉంటుంది. పెద్దవాళ్లు అది చూసుకోరని, ఎవరైనా ఏదైనా రాయగానే అందరి ఫోన్లలో గంట మోగేటట్టు నేనే పెట్టాను. అక్కడ తెలుగులో రాశాను: ఎవరు మీరు?

మామ ఫోన్‌లోంచి, ఎక్కడో దూరంగా, టింగ్ అని వినిపించింది.

బొమ్మ ఆగిపోయింది. నేను మళ్లీ రాశాను: మా మామ పేరుతో ఎందుకు వచ్చారు?

టింగ్.

"మామా, గా టింగ్ అన్నదేంది?"

"ఏమో, వంటింట్ల గిన్నె సప్పుడు కావచ్చు."

ఇంకోసారి ఉత్త చుక్క ఒకటి రాసి పంపాను. టింగ్. బొమ్మ ఒకసారి ఎగిరి, గోడ వెనక్కి పోయి దాక్కుంది.

"మామా, లేచి వంటింట్లకు పో. ఫోన్ చెవి కాడనే పెట్టుకో."

చెప్పుల చప్పుడు. తలుపు కిర్రుమంది.  తర్వాత మామ గొంతు, మెల్లగా.

"ఏమే... నువ్వానే?"

జరిగింది తేలిగ్గానే అర్థమైంది. తప్పు ఎక్కడుందో చూద్దామని నేను మొదటిరోజు అత్త ఫోన్‌లో మామ పేరు కొట్టించాను కదా, ఆ పేరూ పాస్‌వర్డూ ఆ ఫోన్‌లోనే ఉండిపోయాయి. ఒకరోజు అత్త ఊరికే వత్తి చూసింది. లోపల తన ఇల్లు కనిపించింది. ఇంటి నిండా మగ్గం కనిపించింది. పాస్‌వర్డ్ మార్చినప్పుడు ఆమె ఏ ఇబ్బందీ పడలేదు. వీధి మొత్తంతో పాటు తనూ వింది.

ఫోన్ స్పీకర్‌లో పెట్టమన్నాను. అత్త ఒక్కసారిగా అందుకుంది.

"అవ్, నేనే. అయితేంది? లగ్గమై ఈ ఇంట్ల కాలు వెట్టిన కాడికెల్లి సూస్తున్న. ముందటర్ర మగ్గానికే. నడుమ ఆసుకు. మూలలన్ని నూలు కండెలకు. నేను గోడకు నిలవడ్డట్టు పండుకుంట. ఒక్కనాడన్న కాళ్లు సాపి పండుకున్ననా? సుట్టాలొస్తె గుంట అంచుకు కూసోవెడ్త. సరే, మగ్గం అన్నం పెడ్తాంది, ఏమనలె. పోన్ల ఊర్కెనే ఇల్లొస్తే, కావలసినంత జాగ ఉంటే, గండ్ల గూడ మగ్గమే పెట్టిండు గీ మనిషి!"

ఆసు, అంటే చీర నూలు చుట్టే చట్రం, దాని మీద పని మొత్తం అత్తదే. ఒక చీరకు పొద్దున నుంచి సాయంత్రం దాకా చెయ్యి ఆడుతూనే ఉండాలి. ఆమె కుడి భుజం నొప్పి మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. కానీ కాళ్లు చాపుకునే చోటు లేదన్న సంగతి మాలో ఎవరమూ ఎన్నడూ అడగలేదు.

"మరి మామ మర్సిపోతున్నడని బిడ్డకు ఎందుకు చెప్పినవ్ అత్తా?" అన్నాను.

"మర్సిపోతలేడా? మొన్న పాల ప్యాకెట్ మర్సిండు. గది చెప్పిన. దవాఖాన దాక పోతరని నాకేమెర్క?"

మామ ఏమంటాడోనని ఎదురుచూశాను. ఆయన కోపం మాకు తెలుసు. పళ్లెం విసిరినా విసురుతాడు. 

"మంచం గాడ కాదే" అన్నాడు చివరికి. "కిటికీ దిక్కు ఎయ్యి. గాలొస్తది."

"ఆటల గాలెక్కడిది?"

"అయినా గాడనే మంచిగుంటది."

ఆ సాయంత్రమే అత్తకు వేరే పేరు ఎక్కించాను. ఏం పేరు పెట్టమంటావని అడిగితే, "నాకు పేరు లేదా?" అన్నది. గారు అక్కర్లేదన్నది. ఒక్కసారికే లోపలికి వచ్చింది. ఈ సంగతి మామను చాలా నొప్పించింది. "నన్ను పొద్దంత సతాయించింది. దీన్నైతె ఎదురొచ్చి తీస్కపోయింది" అని నా కంప్యూటర్ మీద మళ్లీ అనుమానపడ్డాడు.

అత్త ఆటలో మామ ఇంటికి ఆనుకోకుండా, వాగుకు అవతల, వేరే ఇల్లు కట్టుకుంది. ఒకటే గది. ఆ గదిలో మంచం తప్ప ఏమీ లేదు. ఇంత ఖాళీ ఎందుకని మరదలు అడిగితే, ఖాళీ కోసమే కట్టానన్నది. ఆ ఆటలో ఇనుప తలుపు పెట్టుకుంటే పెట్టుకున్నవాళ్లకు తప్ప తెరుచుకోదు. ఎవరు నేర్పారో, అత్త ఇనుప తలుపు పెట్టుకుంది. మరునాడు మామ నుంచి ఫోన్.

"బిడ్డా, రానిస్తలేదు."

"పేరు చివర ఖాళీ తీసేసినవా మామా?"

"గది కాదే. లోపటికి వచ్చిన. మీ అత్త తలుపు తీస్తలేదు."

దానికి నా దగ్గర మందు లేదు. అడిగి చూడమన్నాను. వంటింట్లోకి పోయి అడిగినట్టున్నాడు. చేతులు ఖాళీగా ఉంటేనే రానిస్తానన్నదట. కర్ర దిమ్మెలన్నీ బయట పెట్టెలో పెట్టి, లోపలికి వెళ్లి, కాసేపు నిలబడి వచ్చాడు.

తర్వాత బస్సులు నడిచాయి, నూలు వచ్చింది. మగ్గం మళ్లీ ఆడటం మొదలైంది. మరదలు తండ్రిని దవాఖానకు తీసుకుపోలేదు కానీ, తల్లిని భుజం చూపించడానికి తీసుకుపోయింది. ఆటలోకి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఒక ఎండాకాలం మా పాత కంప్యూటర్ పెద్దగా ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. మా ఆయన ఆ రోజు టీవీ గొంతు తగ్గించి, వార్తలు హాయిగా విన్నాడు.

మొన్న ఒక పెళ్లికి పోచంపల్లి పోయినప్పుడు మామ ఇంటికి వెళ్లాను. మగ్గం ఎక్కడికీ పోలేదు, ముందు గదిలోనే ఉంది. ఆసు మాత్రం లేదు. వెనక రేకులు వేయించి అక్కడికి మార్చారట. ఆసు ఖాళీ చేసిన నడిమి జాగాలో మంచం వేసి ఉంది. కిటికీ వైపే. అత్త దాని మీద కాళ్లు బారుగా చాపి పడుకుని ఉంది. నన్ను చూసి లేవకుండానే, చెయ్యి ఊపి, కాళ్ల దగ్గర కూర్చోమన్నది.

"జర సప్పుడు తక్కువ చెయ్యరాదు? కన్నంటుకుంటలేదు" అని మామ మీద కేకేసింది.

"మగ్గం సప్పుడు తక్కువెట్లయితదే?" అన్నాడు మామ. కాసేపు మెల్లగా నేసి చూశాడు. కుదరలేదు. గుంటలోంచి లేచి వచ్చి, "చాయ్ తాగుదాం దా బిడ్డా" అని నన్ను వంటింట్లోకి తీసుకుపోయాడు.